కాకి ముట్టిన ముక్క

ఇవాళ నాయనమ్మ పెద్దకర్మ. వంజరం చేప ముక్క వేపుతుంటే ఆ వాసనకి నా చిన్నప్పుడు జరిగిన తాత కర్మ గుర్తొచ్చింది.

ఆ రోజు తాతకిష్టమైన ముక్కని ఆకులో వేసి సముద్రం ఒడ్డున పెట్టారు. ఎంతసేపటికీ కాకి ముట్టలేదు. తాతకి ఏ కోరిక మిగిలిపోయిందోనని అందరూ దిగులుగా ఆకాశం వైపు చూస్తున్నారు. పొద్దున్నుంచీ ఏమీ తినని నేను ఆ ముక్క నోట్లో వేసుకున్నాను.

నాయనమ్మ ఖాళీ ఆకు చూసింది. “కాకి ముట్టీసింది. మీ తాత తినీసినాడు, ఎల్దాం రండి,” అంటూ కొంగుతో నా మూతి తుడిచింది.

తాతని పస్తు పంపానని, నాయనమ్మని మోసం చేశానని ఎన్నేళ్లు కుమిలానో.

ఇప్పుడు అదే ఒడ్డున నాయనమ్మకి పెట్టిన ఆకు ఖాళీగా ఉంది. మా పాప మూతి నూనెతో మెరుస్తోంది.

“కాకి ముట్టీసింది, ఎల్దాం రండి,” అని కొంగు అందుకున్నాను.