తలుపు వెనక వాసంతి

అమెరికాలోని ఫ్రీమాంట్‌లో ఉండే వాసంతికి దొంగలన్నా, భూకంపాలన్నా అంత భయం లేదు. కాలింగ్ బెల్ అంటేనే హడలు. భర్త ఆఫీస్‌కి వెళ్లాక అది మోగిందంటే టీవీ ఆపేసి, మునివేళ్ల మీద నడిచొచ్చి, తలుపు వెనక ఊపిరి బిగబట్టి నిలబడుతుంది. వచ్చినవాళ్ల ఇంగ్లీష్ అర్థం కాకపోతే?

మొన్న కూతురు హంసిక స్కూల్ కోసం అట్టతో ప్రాచీన గ్రీకుల ఇల్లు కడుతోంది. "అమ్మా, ఏథెన్స్‌లో లేడీస్ లోపలి రూమ్‌లోనే ఉండాలంట. స్ట్రేంజర్స్‌కి కనపడకూడదంట."

"అయ్యో, ఎలా బతికారే పాపం!"

అంతలో బెల్ మోగింది. వాసంతి చటుక్కున కూతురి నోరు మూసింది. పిల్ల కళ్లు అట్ట ఇంటి లోపలి గదిలో తను పెట్టిన ఆడమనిషి మట్టిబొమ్మను చూసి, మెల్లగా తల్లి వైపు తిరిగాయి. వాసంతి వెళ్లి గొళ్లెం తీసింది.

పక్కింటి ముసలావిడ, చేతిలో నిమ్మకాయల సంచి. "ఎన్నిసార్లు బెల్ కొట్టానో! పగలు ఈ ఇంట్లో మనుషులే ఉండరనుకున్నాను" అంది ఇంగ్లీష్‌లో.

వాసంతికి ప్రతి ముక్కా అర్థమైంది.