మా దొరసాని తిన్న పెళ్ళిభోజనం

ఆ రోజుల్లో మన ఇళ్ళల్లో మనిషికి జ్వరమొస్తే మిరియాల కషాయం ఇచ్చి, దుప్పటి కప్పి, ఎవరి పనిలో వాళ్ళు పడేవారు. పాడిగేదె ఒక్క పూట మేత ముట్టకపోతే మాత్రం ఇల్లంతా పనులు మానేసి దాని చుట్టూ నిలబడేది. చిన్నదానా, మొన్న ఫోన్లో నువ్వు అడిగావు కదా, "నానమ్మా, గేదెకి కడుపునొప్పి వస్తే అది చెప్పలేదు కదా, మీకెలా తెలుస్తుంది?" అని. పుట్టిన దగ్గర్నుంచి ప్యాకెట్ పాలు తాగిన పిల్లకి ఇంత మంచి ప్రశ్న వచ్చిందే అని నాకు ముచ్చటేసింది. అన్నయ్యని కూడా పక్కన కూర్చోబెట్టుకుని విను. దీనికి జవాబు నా పెళ్ళి దగ్గర మొదలుపెట్టాలి, ఎందుకంటే నేను దగ్గర్నుంచి చూసిన మొదటి జబ్బు గేదె నా పెళ్ళిభోజనం తినే జబ్బుపడింది.

మా పుట్టిల్లు తాడేపల్లిగూడెం అని మీకు తెలుసు. మాకు పాలు క్యాన్లలో గుమ్మం దగ్గరికే వచ్చేవి. గేదెలంటే రైలు కిటికీలోంచి చూసినవే, అంత దూరం నుంచి చూస్తే నాకవి చాలా నచ్చేవి కూడా. అయితే సంబంధం మాట్లాడేటప్పుడు మా నాన్నగారు ఉత్సాహం ఆపుకోలేక, "మా అమ్మాయికి రాని పని లేదండి, గేదె పాలు కూడా తీసేస్తుంది" అనేశారు. (మా నాన్నగారు మామూలుగా అబద్ధమాడేవారు కాదు. ఆ రోజు కాఫీ మరీ బాగుందట.) గూడెం చర్చిలో పెళ్ళయ్యింది. మర్నాడు మండవల్లి పక్కన మా అత్తవారి ఊళ్ళో విందు. ఆ ఇంటి పెరట్లో దొరసాని అనే గేదె ఉండేది. నల్లగా, నిండుగా, ఎవర్నైనా ఎగాదిగా చూసే గేదె. అది తల తిప్పితే నేను వంటింట్లోకి వెళ్ళిపోయేదాన్ని.

విందులో వంటవాళ్ళ అంచనా తప్పి గంగాళం నిండా తెల్లన్నం మిగిలిపోయింది. మనది వరి పండించే ఇల్లు. నారు దగ్గర్నుంచి నూర్పు దాకా ఆ గింజ వెనకాల తిరిగినవాళ్ళకి అన్నం పారబోయడానికి చెయ్యి ఎలా వస్తుంది? అప్పటి ఇళ్ళల్లో దానికి ఒక దారి ఉండేది, పెరట్లో కుడితి తొట్టి. బియ్యం కడిగిన నీళ్ళు, గంజి, కూర తొక్కలు, పిల్లలు వదిలేసిన మెతుకులు అన్నీ అందులోకే. గేదె తాగేస్తుంది, పాలుగా మనకే తిరిగొస్తుంది. తెల్లారేసరికి గంగాళం ఖాళీ అయింది. పోనీలే, మిగతావాళ్ళు ఇరుగుపొరుగుకి పంచేశారు కాబోలని ఎవరికి వాళ్ళు అనుకున్నారు.

మధ్యాహ్నానికి దొరసాని మేత ముట్టలేదు. నెమరు వెయ్యడం మానేసింది. పళ్ళు పటపటా కొరుకుతూ, తాగినవాడిలా తూలుతూ, ఎడమ పక్క కడుపు ఉబ్బించుకుని నిలబడింది. పేడ నీళ్ళలా పడుతోంది, పులిసిన వాసన. మా అత్తగారు నోటికి కొంగు అడ్డం పెట్టుకుని ఏడుపు ఆపుకుంటున్నారు. మీ తాతయ్య పాలు తాగే వయసులో ఉన్నప్పుడు ఈ దొరసాని తల్లే ఆ ఇంటిని నిలబెట్టిందట. అందుకని అది ఆవిడకి గేదె కాదు, ఆడపిల్ల. విందుకి వచ్చి ఆగిపోయిన మా చర్చి అయ్యగారు ప్రార్థన చేశారు. పక్కింటి పిన్నిగారు వాము, అల్లం నూరుకొచ్చారు. వచ్చినావిడ నన్ను చూసి, మెల్లగా, ఎంతో మర్యాదగా మా అత్తగారితో అన్నారు: "మనం ఇలాంటివి నమ్మకూడదనుకోండి వదినా. అయినా నిన్నటిదాకా నిక్షేపంలా ఉన్న గొడ్డు. నిన్ననే కదండీ, కొత్త మనిషి ఇంట్లో అడుగు పెట్టింది."

అత్తగారు "ఊరుకోండి" అన్నారు. కానీ నా పాదాల వంక ఒకసారి చూశారు. ఆ గేదె బతికితే సరే. పోయిందా, నేను ఆ ఇంట్లో బతికినన్నాళ్ళూ గేదెని పొట్టన పెట్టుకున్న కోడల్నే. అంతవరకూ దాన్ని చూస్తే పారిపోయినదాన్ని, అది చల్లగా ఉండాలని వంటింటి గుమ్మంలో నిలబడి నాలుగిళ్ళకీ సరిపడా ప్రార్థన చేశాను.

మీ తాతయ్య స్కూటర్ మీద వెళ్ళి పశువుల డాక్టరుగారిని తీసుకొచ్చారు. కుర్రాయన, నెమ్మదస్తుడు. దారం కట్టిన థర్మామీటరు పెట్టి (ఎక్కడ పెట్టారని అడక్కండి, ఆ దారం ఎందుకో మీకే తెలుస్తుంది) జ్వరం లేదన్నారు. గేదె ఎడమ డొక్కలో పిడికిలితో నొక్కి తీశారు. పిసికిన పిండిలో నొక్కినట్టు గుంట అలాగే ఉండిపోయింది.

"ఏం పెట్టారండీ దీనికి?" అన్నారు.

"ఎండుగడ్డేనండి," అన్నారు మామగారు.

"కాస్త పిల్లిపెసర," అన్నారు అత్తగారు. "నీరసంగా ఉందని ఇప్పుడే చిక్కగా గంజి కాస్తున్నానండి."

"ముందా గంజి దింపేయండమ్మా. ఇది చూస్తే అన్నం తిన్న కడుపులా ఉంది."

"అన్నమా? అబ్బే, మేం అలవాటు చెయ్యలేదండి."

డాక్టరుగారు చేతులు తుడుచుకున్నారు. "అన్నం కాకపోతే విషపు మేత ఏదన్నా తిని ఉండాలండి. దానికి వైద్యం వేరు. ఒకదానికి బదులు ఇంకోటి చేస్తే సాయంత్రానికి గేదె దక్కదు. ఏం తిందో నాకు ఎవరో ఒకరు చెప్పాలి."

పిన్నిగారు నావైపు చూశారు. ఆవిడ చూసిన వైపే డాక్టరుగారూ చూశారు. "కొత్తకోడలుగారా? మీరేమన్నా పెట్టారా అమ్మా?"

"లేదండి. నాకు గేదెలంటే భయమండి. దాని దగ్గరికే వెళ్ళలేదండి."

అత్తగారు ఏడుపు మర్చిపోయారు. "అదేంటమ్మా, మీ నాన్నగారు నువ్వు పాలు తీస్తావన్నారే?"

"తీయడం రాదండి," అన్నాను. ఇంకేదన్నా వచ్చని చెప్పుకోవాలి కదా అని, "కాచడం వచ్చండి," అని కూడా అన్నాను.

అందరికంటే ముందు అయ్యగారు దగ్గారు. తర్వాత కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, "ఆ పిల్ల ఉన్నదున్నట్టు చెప్పేసిందండి. పెద్దవాణ్ణి, నేను ఊరుకుంటే బాగోదు. రాత్రి నేను ఓ నాలుగు లడ్డూలు పెట్టానండి. తింటూ ఉంటే అది నావంకే చూస్తోంది, నాకు మింగుడు పడలేదు," అన్నారు.

ఇంక చూడండి, చర్చిలో సాక్ష్యాలు చెప్పినట్టే ఒక్కొక్కరూ ముందుకొచ్చారు. మామగారు తెల్లవారకుండానే ఓ బేసిన్ అన్నం తొట్టిలో వేశారట. మా ఆడపడుచు, "పరమాన్నం అడుగంటిందండి, గిన్నె కడిగే ముందు..." అని ఆగిపోయింది. మీ తాతయ్య నేలచూపులు చూస్తూ, "అరటిపళ్ళండి. మెత్తబడినవే," అన్నారు. అత్తగారు మామగారి వంక కోపంగా చూసి, "మీరు వేస్తే నాకో మాట చెప్పొద్దూ? నేనూ రెండు బేసిన్లు వేశాను కదండీ. మనింట్లో పెళ్ళి, నోరులేనిది, అది మాత్రం ఏం పాపం చేసిందని," అన్నారు.

"ఇంకెవరన్నా ఉన్నారా అండీ?" అన్నారు డాక్టరుగారు.

పిన్నిగారు కొంగు సర్దుకున్నారు. "మీరు మాకు పంపించిన అన్నం కూడా మిగిలిపోయింది వదినా. మా గేదెకి సరిపడా పెట్టి, మిగతాది గోడ మీంచి మీ తొట్టిలోనే..."

ఆ తర్వాత అంతా చకచకా జరిగిపోయింది. అన్నం ఎక్కువైతే గేదె పొట్ట పులిసిపోతుందట, ఆ పులుపే దాన్ని పడేస్తుందట. వంటసోడా నీళ్ళలో కలిపి, తల మరీ ఎత్తకుండా, దవడ పక్కనుంచి కొంచెం కొంచెంగా పట్టించారు. గబగబా పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతుందని డాక్టరుగారు మామగారి చెయ్యి పట్టుకునే ఉన్నారు. మెడ నరానికి సెలైన్ పెట్టారు. సెలైన్ అయ్యాక, దీని కడుపు మళ్ళీ పనిలో పడాలంటే ఆరోగ్యంగా ఉన్న గేదె నెమరు కాస్త తెచ్చి దీని నోట్లో పెట్టాలన్నారు. చుట్టుపక్కల నెమరు వేస్తున్న గేదె పిన్నిగారిదే. (సరిపడా పెట్టడం అంటే ఏమిటో దాని విషయంలో మటుకు ఆవిడకి తెలిసింది.) పిన్నిగారు దాని తాడు పట్టుకున్నారు, మీ తాతయ్య పెళ్ళిచొక్కా చేతులు మడిచి నోట్లో చెయ్యి పెట్టారు. అది చటుక్కున మింగేసి, ఇదేం మర్యాద అన్నట్టు చూసింది. మళ్ళీ నెమరు పైకొచ్చేదాకా ఇద్దరూ దాని మొహంలోకే చూస్తూ నిలబడ్డారు. "అబ్బాయ్, ఇప్పుడు," అని పిన్నిగారు అనడం, ఆయన పట్టెయ్యడం ఒకేసారి అయ్యాయి. పెళ్ళైన మూడోనాడు మీ తాతయ్య అరచేతిలో పచ్చటి ముద్ద పట్టుకుని పరిగెత్తి రావడం చూసి, ఈయనతో కాపురం చెయ్యొచ్చు అనుకున్నాను.

పొద్దు వాలుతుండగా దొరసాని ఒక గడ్డిపరక లాగింది. ఇంకాసేపటికి దవడ కదిలింది. పెరడంతా ఆ నములుతున్న చప్పుడే. అత్తగారు కళ్ళు తుడుచుకుని నన్ను పిలిచారు. నేను భయపడుతూనే వెళ్ళాను. నా చెయ్యి పట్టుకుని, వేళ్ళు ముడిపించి, గేదె ఎడమ డొక్కకి ఆనించి పట్టుకున్నారు.

"లోపల అలలా కదిలి చేతిని తోస్తుంది. అలా తోస్తే గేదెకి బాగున్నట్టు. తెలుస్తోందా అమ్మా?"

నాకేమీ తెలియలేదు. నా గుండె అంత గట్టిగా కొట్టుకుంటుంటే ఇంకొకరి కడుపు ఏం తెలుస్తుంది? అయినా ఆవిడ చెయ్యి నా చేతి మీద వెచ్చగా ఉంది. "తెలుస్తోందండి," అన్నాను. ఆ తర్వాత ఎన్ని గేదెల డొక్కల మీద చెయ్యి పెట్టానో, ఊళ్ళో ఎంతమంది వచ్చి పిలుచుకెళ్ళారో. ఆ అల వచ్చి పిడికిలిని తోసినప్పుడల్లా, ఏమీ తెలియకుండానే తెలుస్తోందన్న ఆ పట్టుచీర పిల్ల గుర్తొచ్చి నాలో నేనే నవ్వుకుంటాను.