చెంపలు నొక్కాలె

ఆ రోజు ఇబ్రహీంపట్నం బస్టాండులో నేను ఓడిపోయినదానిలా కూర్చున్నాను. ఒళ్లో కారు ఏసీకి వేసే కొత్త ఫిల్టరు. దాన్ని కొన్న షాపులోనే తిరిగి ఇచ్చేయడానికి బయలుదేరాను. పాతది తీయాలంటే ముందు సీటుకు ఎదురుగా, కాగితాలు పెట్టుకునే డబ్బా ఊడాలి. ఎంత లాగినా ఊడలేదు. పైగా మావారు, “మెకానిక్ పని నీకెందుకే?” అని నవ్వారు.

పక్కన కూర్చున్న ముసలామె చేతిలో మేకల మందు సీసా ఉంది. “గదేంది బిడ్డా?” అని అడిగింది. కడుపులో ఉన్నదంతా చెప్పేశాను.

“గుంజితే ఎట్లొస్తది? మేకకు మందు తాపాలంటే నోరు గుంజుతనా? చెంపలు నొక్కాలె,” అంటూ తన రెండు చెంపలూ వేళ్లతో లోపలికి నొక్కి చూపించింది. నోరు గుండ్రంగా తెరుచుకుంది.

“మీరెప్పుడైనా కారు బాగుచేశారా పెద్దమ్మా?”

“నేనా? కారే ఎక్కలే.”

బస్సు వచ్చింది. ఆమె ఎక్కింది, నేను ఎక్కలేదు.

ఇంటికొచ్చి ఆ డబ్బాకు రెండు పక్కలా అరచేతులు పెట్టి లోపలికి నొక్కాను. బుద్ధిగా నోరు తెరిచి కిందికి వాలింది! పాత ఫిల్టరు నిండా మా ఇంటి చుట్టూ వేస్తున్న ప్లాట్ల ఎర్రమట్టి, ఎండిన వేపాకులు. కొత్తది పెట్టి ఏసీ వేస్తే చల్లగాలి ముఖానికి కొట్టింది.

ఇప్పటికీ కారెక్కిన చుట్టాలతో మావారు, “ఫిల్టరు మేమే మార్చుకుంటాం,” అంటారు గొప్పగా. వెనక సీట్లో నేను రెండు చెంపలూ నొక్కుకుని నవ్వు ఆపుకుంటాను.