వీపు మీద బురద

వనమాల ఇంటికి ఎవరు వెళ్లినా ఆవిడ ముందు ముఖం చూడదు, చెప్పులు చూస్తుంది. వాటికి మట్టి ఉంటే పలకరింపు కాస్త ఆలస్యమవుతుంది. పొగరనుకునేరు, అదేం కాదు, పుట్టి పెరిగిన ఇల్లు అలాంటిది. మహబూబాబాద్‌లో, అంటే ఊరివాళ్లు ఇప్పటికీ పిలుచుకునే మానుకోటలో, ఆమె తండ్రి దత్తాత్రేయకు పప్పుల దుకాణం. గూడూరు, నెల్లికుదురు వైపు నుంచి రైతులు తెచ్చే కందులూ పెసర్లూ అక్కడ బస్తాల్లో దిగుతాయి. జల్లెడ పట్టి, చాటతో చెరిగి, రాళ్లు ఏరితే తప్ప ఒక్క గింజ కూడా గిరాకీ కంట పడకూడదు. అది దత్తాత్రేయ పట్టు.

"గిరాకి ముంగట మట్టి కనవడ్డదంటే మన ఇజ్జత్ పోయినట్టే" అనేవాడు. మనిషి మంచివాడే గానీ, ఆ ఒక్క విషయంలో మాత్రం దేవుడొచ్చి చెప్పినా వినే రకం కాదు.

బడి నుంచి రాగానే వనమాల చేతికి చాట వచ్చేది. పెసర్లలో పెసరంతే ఉండే నల్లరాయిని పట్టుకోవడం ఆ వయసులోనే అబ్బింది. ఆ కళ్లే తర్వాత సూక్ష్మదర్శిని ముందు కూర్చున్నాయి. జంతుశాస్త్రం చదివి, ఊళ్లోనే ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో పాఠాలు చెప్పే పనిలో చేరింది. ల్యాబులో బల్లల కింద కూడా తుడిపించేది కాబట్టి పిల్లలు వెనకాల "చీపురు మేడమ్" అనేవాళ్లు. ఆ సంగతి ఆమెకూ తెలుసు, వినపడనట్టు ఊరుకునేది. పెళ్లి సంబంధాలు వచ్చాయి, పోయాయి. అడిగి అడిగి బంధువులే అలిసిపోయారు గానీ ఆమె మాత్రం అలిసిపోలేదు.

నలభై దాటే వేళకు ఆమెకు ఉన్న కోరిక ఒక్కటే, డాక్టరేటు. ఆ డాక్టరేటు ఒక పురుగు మీద ఆధారపడి ఉంది.

వానాకాలంలో దీపాల చుట్టూ మూగి తెల్లారేసరికి రాలిపోయే పురుగుల్లో మేఫ్లై ఒకటి. రెక్కలొచ్చాక దాని బతుకు ఒకటి రెండు రోజులు, అంతే. అసలు బతుకంతా అంతకుముందు నీళ్లలోనే, పిల్ల పురుగుగా. గూడూరు దాటి అడవిలోకి వెళ్తే ఒక వాగు వస్తుంది. ఆ వాగు రాళ్ల అడుగున వనమాలకు ఒక రకం పిల్ల పురుగు దొరికింది. బియ్యపుగింజలో సగం ఉంటుందేమో. తల చిన్నది, కళ్లు పక్కలకు ఉబ్బి ఉంటాయి. కాళ్లు ఆరూ రాయిని అంటిపెట్టుకుని ఉంటాయి. వెనక మూడు తోకలు, దారప్పోగుల్లా. నడుం పైన రెండు చదరపు మూతలు. ఆ మూతల కింద దాని మొప్పలు ఉంటాయి. వాగులో కొట్టుకొచ్చే ఒండ్రు మొప్పల్లో పడకుండా ఆ మూతల కాపలా. మూతల అంచుల దగ్గర వంపు, పుస్తకాల్లో ఉన్న ఏ పురుగుకూ సరిపోవడం లేదు. "కొత్త జాతి" అనుకుంది వనమాల. ఆ మాట పైకి అనడానికి కూడా భయపడి, చాలాకాలం లోపలే దాచుకుంది.

ఆ పురుగును ఆమె తయారు చేసే పద్ధతి చూసి తీరాలి. వాగు దగ్గరే స్పిరిట్ సీసాలో వేస్తుంది. ఇంటికొచ్చాక ఒక్కొక్కదాన్నీ గాజుపలక మీదికి తీసి, నీటిరంగుల కుంచెతో తల నుంచి తోక దాకా దులుపుతుంది. ఒకసారి, మళ్లీ ఒకసారి, ఎందుకైనా మంచిదని ఇంకోసారి. వీపు మీది బురద అంతా పోయి, గోధుమరంగు వీపు నున్నగా మెరిశాకే బొమ్మ గీసేది. ఆ బొమ్మలు ఎంత బాగుండేవంటే, ఆమె పరిశోధనకు గైడుగా ఉన్న వరంగల్ ప్రొఫెసర్ పద్మలత ఒకటి ఫ్రేము కట్టించి గదిలో పెట్టుకుంది.

అన్ని హంగులతో వర్ణన రాసి, ఈ పురుగులను జీవితమంతా చూస్తూ వచ్చిన ఒక దూరపు ఊరి నిపుణుడికి పంపారు. కొన్ని వారాలకు జవాబు వచ్చింది. బొమ్మలు అద్భుతమని మొదలుపెట్టాడు. అలా మొదలుపెట్టే ఉత్తరం మంచిది కాదని వనమాలకు వెంటనే అర్థమైంది. మూతల అంచు వంపు ఒక్కటే చాలదట, అది వయసును బట్టి మారుతుందట. నున్నటి వీపు ఉన్న పాత జాతి ఒకటి ఉంది, ఇదీ అదేనట.

పద్మలత ఫోన్‌లో మెల్లగా చెప్పింది. "చూడు వనమాలా, ఈ పురుగు లేకుంటే నీ థీసిస్‌ల మిగిలేది ఏం లేదు. నీకిచ్చిన గడువు ఆఖరిది. మళ్లా అడుగుదమంటే ఇయ్యరు. ఇంకేమన్న తేడా దొరుకుతదా, చూడు."

ఫోన్ పెట్టేసి వనమాల వంటింట్లోకి వెళ్లి తోమిన గిన్నెలనే మళ్లీ తోమింది. ఏడుపు రాలేదు. కోపం వచ్చింది, అది ఎవరి మీదో తెలియలేదు. కాలేజీలో తనకంటే చిన్నవాళ్లు డాక్టర్ అని పేరు ముందు పెట్టుకుని తిరుగుతుంటే ఇన్నాళ్లూ నవ్వుతూ చూసింది. ఇక ఆ నవ్వు నవ్వగలనా అన్న బెంగ మొదటిసారి కలిగింది.

వచ్చిన ఆదివారం వాగుకు బయల్దేరింది. ఎండలు ముదురుతున్నాయి, వాగు సన్నబడి అక్కడక్కడా మడుగులుగా విడిపోయింది. ఇంకొన్ని రోజులైతే అదీ ఉండదు. మేకలు మేపుకునే కట్టమ్మ అక్కడే ఉంది.

"ఏం బిడ్డా, ఇంక నీ పురుగులు దొరుకుతలెవ్వా?"

"దొరికినయి అవ్వా. కొత్తయి గావంటున్నరు."

"కొత్తయైతేంది, పాతయైతేంది! పురుగు పురుగే గదా. గింత ఎండల గిదేం తిప్పలు నీకు" అని కట్టమ్మ మేకల వెంట వెళ్లిపోయింది.

రాళ్లు తిరగేసి పురుగులు పట్టాక చూసుకుంటే, స్పిరిట్ సీసా తేవడం మరిచిపోయింది. వనమాల అలాంటివి మరిచిపోయే మనిషి కాదు, ఆ వారం మనసు అలా ఉంది. చేసేదిలేక మధ్యాహ్నం తిన్న స్టీలు టిఫిన్ డబ్బా కడిగి, వాగు నీళ్లు పోసి, ఒక చిన్న రాయీ కాసిన్ని పురుగులూ అందులో వేసుకుంది. అన్నేళ్లలో ఆ పురుగులు ప్రాణాలతో ఆమె ఇంటికి రావడం అదే మొదలు.

డబ్బాను వసారాలో పెట్టి స్నానానికి వెళ్లింది. దత్తాత్రేయ దుకాణం నుంచి అప్పుడే వచ్చాడు. కూతురు ఈమధ్య దిగాలుగా ఉండటం ఆయన చూస్తూనే ఉన్నాడు. ఏమైందని అడగడం ఆయనకు చేతకాదు. మూత తీసి చూశాడు. బురద నీళ్లు, బురద రాయి, ఒళ్లంతా బురద పూసుకున్న పురుగులు! పాపం, బిడ్డకు ఈ పూట శుభ్రం చేసే ఓపిక కూడా లేనట్టుంది అనుకున్నాడు. టీ వడపోసే జాలీ తెచ్చి, డబ్బా అందులో వంచి, పురుగులను మంచినీళ్లతో కడిగాడు. నీళ్లు మార్చి మళ్లీ కడిగాడు.

వనమాల తల తుడుచుకుంటూ వచ్చేసరికి తండ్రి జాలీ పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"బాపూ! ఏం చేస్తున్నవ్?"

"ఏం జేస్త, కడుగుతున్న. జర సాయం జేద్దమని."

"అయ్యో బాపు! అవి పానంతోని ఉన్నయి! చస్తయి! వాగు ఎండిపోతుంది, మళ్లా దొరుకుతయో లెవ్వో! నిన్నెవలు ముట్టమన్నరు?" తండ్రి మీద ఆమె అంత గట్టిగా అరవడం ఎప్పుడూ లేదు.

దత్తాత్రేయ చిన్నబోయాడు. అయినా వ్యాపారి కదా, తప్పు సరుకు మీదే వేశాడు. "నేనేం జేసిన, కడిగిన గంతే. నువ్వు తెచ్చిన పురుగులే బాగ లెవ్వు. రాయి మీది బురద ఒక్కసారికే పోయింది. గీటి మీది బురద ఎంత కడిగినా పోతలేదు. చూడు కావాల్నంటే!"

జాలీ లాక్కోబోయిన వనమాల చెయ్యి మధ్యలో ఆగింది. నిజంగానే జాలీలో రాయి తెల్లగా ఉంది. పురుగులు మాత్రం, కొన్ని చచ్చి కొన్ని కదులుతూ, బురద కప్పుకునే ఉన్నాయి.

చచ్చినదాన్ని ఒకటి గాజుపలక మీద పెట్టింది. కుంచె కోసం చెయ్యి దానంతట అదే వెళ్లింది. ఆ చేతిని వెనక్కి తీసుకుని ఒళ్లో పెట్టుకుంది. దులపకుండా, అలాగే, సూక్ష్మదర్శిని కింద చూసింది.

వీపు నిండా వెంట్రుకలు. తల వెనక నుంచి మూతల దాకా వరసలు వరసలుగా, కొస దగ్గర చీలిన సన్నటి వెంట్రుకలు. ఆ చీలికల మధ్య ఒండ్రు చిక్కుకుని ఉంది. పురుగు దాన్ని కావాలనే మోస్తోంది, చేపకు కనపడకుండా రాయిలో రాయిలా కలిసిపోవడానికి. నున్నటి వీపు అసలు దానికి లేనే లేదు.

లేచి పాత సీసాలు తెచ్చింది. తను దులిపి, మెరిపించి, బొమ్మ గీసిన పురుగును ఇంకా పెద్దది చేసి చూసింది. వెంట్రుకలు మొలిచిన చోట చిన్న చిన్న గుంటలు, వరసగా, ఖాళీగా ఉన్నాయి. ఇంకో సీసా తీసింది. అదీ అంతే. ఆ పురుగులన్నిటికీ తన చేత్తోనే గుండు గీసింది. గుండు గీసి, నున్నగా ఉందని రాసి, సంతకం పెట్టి పంపింది. నవ్వు వచ్చింది, ఆ వెంటనే అన్నాళ్లుగా రాని ఏడుపూ వచ్చింది.

గుమ్మంలో దత్తాత్రేయ నిలబడ్డాడు. "ఏమైంది బిడ్డా? నేను ఖరాబ్ జేసిన్నా?"

"లేదు బాపు. నేనే ఖరాబ్ చేసిన. నువ్వు ఎంత కడిగినా పోలేదు గాబట్టే నాకు ఎరుకైంది."

ఆ మాటలో తనకు మెప్పు దక్కిందో నింద దక్కిందో ఆయనకు తెలియలేదు. "బురద పోకపోతే మంచిదేనా?" అన్నాడు.

"దానికి మంచిదే. విత్తనం కందులకు నువ్వు ఎర్రమట్టి పట్టిస్తవు గదా, గట్ల."

దత్తాత్రేయ చెయ్యి అడ్డంగా ఊపాడు. "గది పురుగు పట్టొద్దని పట్టిస్తం. గిదేంది, పురుగే పట్టించుకున్నదా!" అని వసారాలోకి వెళ్లి తనలో తనే నవ్వుకున్నాడు.

మర్నాడు వనమాల సెలవు పెట్టి మళ్లీ వాగుకు వెళ్లింది. మడుగుల్లో మిగిలినవాటిని పట్టి, ఈసారి మరిచిపోకుండా తెచ్చుకున్న స్పిరిట్‌లో బురదతోనే వేసింది. బొమ్మ మళ్లీ గీసింది. ఆ బొమ్మంత కష్టంగా ఆమెకు ఏదీ అనిపించలేదు. బురద ఉన్నచోట బురద గీయాలి, చెయ్యేమో మొరాయిస్తుంది. వర్ణనలో ఒక వాక్యం రాయడానికి ఒక పూట పట్టింది: "ఇదివరకు నేను సేకరించిన నమూనాల వీపు వెంట్రుకలు శుభ్రం చేయడంలో రాలిపోయాయి, వాటిని పరిగణించవద్దు." ఆ ఒక్క వాక్యంతో బీరువాలోని సీసాలన్నీ పనికిరానివైపోయాయి. అయినా రాసింది. పద్మలత గదిలో ఫ్రేములో ఉన్న నున్నటి వీపు బొమ్మను తీసేయమని తనే చెప్పింది.

నిపుణుడి జవాబు ఈసారి పొగడ్తతో మొదలవలేదు. ఇలాంటి వెంట్రుకలు ఈ రకం పురుగుల్లో తను చూడలేదని, కొత్త జాతేనని రాశాడు. ఒక నమూనా తనకు పంపమన్నాడు. దయచేసి దాన్ని శుభ్రం చేయవద్దని చివర్లో ప్రత్యేకంగా రాశాడు. ఆ ఉత్తరం చూసి పద్మలత, గడువు లోపల థీసిస్ పెట్టేద్దామని ఫోన్ చేసింది.

పార్సిలు దుకాణంలోనే కట్టారు. గాజుగొట్టంలో పురుగు, దాని వీపు మీద గూడూరు వాగు బురద. వనమాల దూది చుట్టబోతుంటే దత్తాత్రేయ అలవాటుగా భుజం మీది తువ్వాలు తీసి గొట్టం అందుకున్నాడు. తుడవబోయి ఆగాడు. కూతురి ముఖం కేసి చూశాడు. తుడవడానికి ఇంకొకరి అనుమతి అడగడం ఆయన జన్మలో అదే మొదటిసారి.

"తుడవచ్చా, బిడ్డా?"

"గొట్టం మీద మీద తుడువు, బాపు" అంది వనమాల.