దేవవ్వ ఒప్పుకోలు

దేవవ్వ పుట్టిల్లు ధర్పల్లి. పెళ్లయి నిజామాబాదు వచ్చిననాటి నుంచీ బీడీలు చుట్టడమే ఆమె బతుకు. కార్ఖానాలో సరుకు చూసేవాడు ఉర్దూలో ఏదో అంటూ కొన్ని కట్టలను పనికిరావని పక్కకు విసిరేవాడు. ఎదురు మాట్లాడిన ఆడవాళ్లవి మరిన్ని కట్టలు పోయేవి. అందుచేత అతడు ఏమన్నా, అవునండీ అన్నట్టుగా “హాజీ” అని తల వంచడం ఆమెకు అలవాటైంది.

ఒక్కగానొక్క కొడుకు భూమేష్ ఉత్తరాది పట్టణమొకదానిలో ఇళ్లు కట్టే పనికి వెళ్లాడు. మొన్నటి వేసవిలో, కోడలు సవిత బీడీలు అప్పగించడానికి పోయిన వేళ, ఇంట్లో ఫోను మోగింది. అవతలి మనిషి హిందీలో గడగడ మాట్లాడాడు. దేవవ్వకు భూమేష్ పేరొక్కటే తెలిసింది. ఆ గొంతులోని అధికారాన్ని బట్టి ఎవరో పెద్దసారనుకొని, అడిగినదానికల్లా “హాజీ” అన్నది.

“భూమేషుగాని సేటు ఫోన్ జేసిండే. మంచిగనే మాట్లాడిండు,” అని కోడలికి చెప్పింది.

మరునాడంతా భూమేష్ ఫోను పలకలేదు. సవిత పక్కింట్లో ఉన్న నా దగ్గరికి వచ్చింది.

“టీచరమ్మా, జర నిన్న ఫోనొచ్చిన గా నంబరుకు మీరు మాట్లాడున్రి.”

నాది పాఠ్యపుస్తకాల హిందీ. అయినా అవతలి పోలీసు చెప్పినదంతా అర్థమైంది. భూమేష్ మూడో అంతస్తు నుంచి పడి చనిపోయాడు. మేస్త్రి పారిపోయాడు. ఎండలకు శవం ఆగదు, ఇక్కడే దహనం చేయమంటారా అని అడిగితే తల్లి ఒప్పుకున్నది. పొద్దుననే అయిపోయింది.

పరామర్శకు వచ్చినవాళ్లు అరుగు మీద వాదులాడుకున్నారు.

“దేశమంతట ఒక్కటే భాషుంటే గీ గోస ఉండకపోవు,” అన్నాడు వార్డు నాయకుడు శివకుమార్.

“గా ఒక్కటి మనదైతదా అన్నా? నీ హిందీకి రైల్ల చాయ్ గూడ పుట్టది!” అన్నాడు వీధి చివరి దుకాణం సాయన్న.

ఎవరో నవ్వబోయి ఆగారు. లోపలి నుంచి దేవవ్వ గొంతు వినిపించింది.

“కొడుకు సచ్చిండని చెప్పెటందుకన్న తెలుగొచ్చినోడు ఒక్కడు దొరకలేదా బిడ్డా?”

దేశానికి అధికార భాష ఒకటైనా, ఇరవై అయినా, ఆ వార్త తల్లికి ఆమె భాషలోనే చేరాలి. అంతకు మించిన వాదం నాకు తెలియదు.

సవిత తమ్ముడు పోయి అస్థికలు తెచ్చాడు. కందకుర్తి వద్ద గోదావరి ఒడ్డున దేవవ్వ రెండు చేతులూ చాచింది. సవిత కుండను రొమ్ముకు హత్తుకొన్నది.

“నువ్వు ముట్టకు,” అన్నది.

దేవవ్వ అక్కడే ఇసుకలో కూర్చున్నది. సవిత ఒక్కతే నీళ్లలోకి దిగింది.