సైరన్ నన్ను చావనివ్వలేదు

ఆ రోజుల్లో మా గోదావరిఖనిలో గడియారం లేని ఇళ్లు బోలెడు గానీ, గని సైరన్ వినబడని ఇల్లు ఒక్కటీ లేదు. అన్నం వార్చడమైనా, పిల్లల్ని బడికి తోలడమైనా దాని కూతను బట్టే. నాటకాలూ అంతే. రెండో షిఫ్టుకు పోయేవాళ్లు కూడా చూడాలని కాలనీ క్లబ్బులో మధ్యాహ్నమే తెర లేపేవాళ్లం. నాకప్పుడు పంతొమ్మిదేళ్లు, వేషం మాత్రం ముసలితల్లిది. (గొంతు మొరటుది కదా, హీరోయిన్‌కు పనికిరాదని మా నాటకం మాస్టరు ముందే తేల్చేశాడు.) ఆఖర్లో కొడుకు ఒడిలో పెద్ద డైలాగు చెప్పి చచ్చిపోవాలి. ఆ రోజు సినిమాలు తీసే ఒకాయన చూడ్డానికి వస్తున్నాడు. ఆ చావు పండితే సినిమాల్లో ఏడిపించే తల్లి వేషాలన్నీ నావేనని నా ఆశ. ఇంట్లో నులక మంచం మీద రోజూ చచ్చి చూసుకుంటుంటే మా అవ్వ, "గీ సచ్చుడు అయినంక జర బియ్యం ఏరు బిడ్డా" అనేది.

తీరా ఆ రోజు ప్రతి పాటకూ వన్స్‌మోర్లు పడి నాటకం ఆలస్యమైంది. తల నిండా పౌడరుతో కొడుకు ఒడిలో వాలి "కొడకా, నా కండ్లు మూతలు పడుతున్నయ్..." అని మొదలుపెట్టానో లేదో, ముందు వరుసలో టిఫిన్ డబ్బాలు చప్పుడయ్యాయి. గని టోపీ ఎప్పుడూ తియ్యని మా టోపీ కాక లేచి నిలబడి, "బిడ్డా, జర జల్ది సావరాదు! డ్యూటీకి యాళ్లయితున్నది" అన్నాడు. నేను వినలేదు. ఒక్కో మాటా సాగదీశాను. అంతలో సైరన్ మోగింది. షిఫ్టు వాళ్లంతా లేచారు గానీ ఒక్కరూ కదలరు, నా చావు చూడకుండా పోబుద్ధి కాదు. "ఇంకెంతసేపమ్మా?" అని మళ్లీ కాక.

నాకు చిర్రెత్తింది. చావబోతున్నదాన్ని దిగ్గున లేచి కూర్చున్నాను. "ఏంది కాకా గా తొందర? సైరన్ గొట్టంగనే పోవుటానికి నా పానమేమన్న మీ షిఫ్టా? పోండ్రి, నేను సావ! రేపు డ్యూటీ దిగినంక రండ్రి, అప్పుడు నిమ్మళంగ సస్త!"

క్లబ్బు రేకులు ఎగిరిపోయేటట్టు నవ్వారు. నవ్వుకుంటూనే గనికి పరుగెత్తారు. మాస్టరు తల పట్టుకుని తెర దించాడు.

తెర వెనక ఏడుస్తుంటే, కళ్లు తుడుచుకుంటూ సినిమాయన వచ్చాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. "ఏడ్పొచ్చిందా సారూ?" అన్నాను.

"నవ్వలేక చచ్చాననుకో తల్లీ! మా సినిమాలో నల్లా దగ్గర నీళ్ల కోసం కొట్లాడే ముసలమ్మ వేషం ఉంది, వస్తావా?"

(చూశారా, ఆ చావు కూడా ఆయనకే దక్కింది.)

అట్లా సినిమాల్లో పడ్డాను. నల్లా దగ్గర తిట్టాను, పెళ్లి పందిట్లో తిట్టాను, బస్సులో కండక్టర్ని తిట్టాను. కథలో ఎవరెవరో చనిపోయేవాళ్లు, నేను మాత్రం వాళ్ల దినాల్లో వంటవాళ్లను తిడుతూ గట్టిగా బతికే ఉండేదాన్ని. జనం నన్ను చూడగానే నవ్వేవాళ్లు. ఆ నవ్వే నాకు బువ్వ పెట్టింది, కాదనను.

మొన్న మొన్న ఒక కుర్ర డైరెక్టరు చనిపోయే అవ్వ వేషం ఇచ్చాడు. ఇప్పుడు తలకు పౌడరు అక్కర్లేదు. డైలాగు మొత్తం, ఒక్క అక్షరం పోకుండా చెప్పి కళ్లు మూశాను. ఆ పిల్లగాడు కట్ చెప్పి మెల్లగా వచ్చి, "అవ్వా, మంచిగ జేసినవ్ గని... సచ్చినంక నవ్వద్దు" అన్నాడు.

"ఏం జెయ్యాలె బిడ్డా," అన్నాను, "ఇన్నేండ్లకు దొరికిన సావాయె!"