నాలుగు మూలలా పసుపు పెట్టిన ఓడ కవరు

ప్రపంచంలో అలాంటి కవరు ఒక్కటే ఉంది, అది నా దగ్గరే ఉంది. ముంబై కామాటిపురలో మా తెలుగువాళ్ల గల్లీ అంతటికీ ఏళ్ల తరబడి ఈ మాటే చెప్పాను. నిజానికి ఫాక్‌లాండ్ రోడ్డులో పాత కాగితాల దుకాణంలో దాన్ని ఏరినప్పుడు, దాని కిందే అలాంటిది ఇంకొకటి కనిపించింది. మూల ఎలుక కొరికింది కాబట్టి దాన్ని లెక్కలోకి తీసుకోలేదు.

కొత్త స్టాంపు విడుదలైన రోజునే కవరు మీద అంటించి, అదే రోజు తపాలా ముద్ర వేయించుకుంటే దాన్ని ఫస్ట్ డే కవరు అంటారు. ఎడమ పక్కన బొమ్మ అచ్చువేసిన తొలినాటి కవర్లంటే సేకరించేవాళ్లు ప్రాణం పెడతారు. నా దాని మీద నీలి సిరాతో ఓడ బొమ్మ. మడత లేదు, మరక లేదు. విలువ కట్టేవాళ్లు ముందు చూసేది ఆ రెండే.

దాదర్‌లో ఒక హాల్లో ప్రదర్శన పెడుతున్నారనీ, ఒక పెద్దమనిషి కవర్లు చూసి మంచివాటిని అద్దాల పెట్టెలో పెడతాడనీ తెలిసింది. నా కవరు ఆ పెట్టెలోకి వెళ్లకపోతే మేముండే చాల్ బిల్డింగులో నేను తలెత్తుకోలేను. ఎందుకంటే అది వెళ్లిపోయిందని ముందే చెప్పేశాను.

బయల్దేరే పొద్దున స్నానం చేసి వచ్చేసరికి కవరు దేవుడి పటం ముందుంది. నాలుగు మూలలా తడి పసుపు. మధ్యలో కుంకుమ కూడా పెట్టబోతుంటే మా ఆవిడ చెయ్యి పట్టుకున్నాను.

"ఏం జేసినవే?"

"మంచి పనికి పోయే కాగితానికి పసుపు పెట్టకుండ పంపుతరా? మన పిల్ల పెండ్లికార్డులన్నిటికి నేనే పెట్టిన. అప్పుడు ఒక్క మాట అనకపోతివి."

"అవి పెండ్లికార్డులు. దీనికి మరక ఉండొద్దు."

"పసుపును మరకంటవా? పొద్దుపొద్దున్నే."

నేను భోరున ఏడ్చానని మొదట రాసి కొట్టేశాను. ఫ్యాను కింద కూర్చుని కవరు ఆరబెట్టానంతే. ఆరలేదు.

మమ్మల్ని సాగనంపడానికి గల్లీ అంతా కదిలింది. అంటే, కింద ఇస్త్రీ చేసే అతను తలెత్తి చూశాడు. బస్సులో మా ఆవిడ కవరుకు కొంగుతో విసురుతూ కూర్చుంది. పక్క సీటామె మరాఠీలో "పెళ్లి ఎవరిది?" అని అడిగింది.

"మా ఆయనది," అంది ఈవిడ.

హాల్లో పెద్దమనిషి తన సొంత కవర్లు పెట్టెలో సర్దుకుంటున్నాడు. తెల్ల చొక్కా, మెడలో భూతద్దం. నా కవరు అందుకుని ఓడను చూసి మురిశాడు. పోల్చి చూడడానికి తన కవర్లు కూడా తీశాడు. అప్పుడు మూలల మీద చూపు ఆగింది.

"కాకా, ఈ పసుపేంటి?"

నా నోరు దానంతటదే తెరుచుకుంది. "మా కామాటోళ్ల ఆచారం సార్. తాతల కాలం నుంచి, తొలిరోజు కవరుకు పసుపు పెట్టందే మావాళ్లు పోస్టు డబ్బాలో వేసేవాళ్లు కాదు."

"నేనెక్కడా చదవలేదే."

"మావాళ్లు రాసేవాళ్లు కాదు సార్. ఇళ్లు కట్టేవాళ్లు."

మా ఆవిడ నావైపు తిరిగింది. "ఏ తాత? పొద్దున నేను పెట్టిన. ఇంక ఆరనే లేదు."

ఆయన తన వేళ్లు చూసుకున్నాడు. పచ్చగా ఉన్నాయి. పెట్టెలోని ఆయన కవర్లన్నిటి మీదా పచ్చటి వేలిముద్రలే. అన్నిటి మీదా కాదు, రెండింటి మీద. కానీ ఆ రెండూ ఆయన సేకరణలో అన్నిటికన్నా పాతవి. రుమాలుతో తుడిచాడు. మరక ఇంకాస్త పాకింది.

ఆయన రుమాలు మడిచి జేబులో పెట్టుకున్నాడు. తర్వాత నావైపు తిరిగాడు.

"తాతల కాలం నుంచి అన్నారు కదా. మూలలకే పెట్టేవాళ్లా, ఎక్కడబడితే అక్కడా?"

"ఎక్కడబడితే అక్కడ కూడా సార్."

"అమ్మా, మీరేమంటారు?"

మా ఆవిడ ఆయన మొహం చూసింది, నా మొహం చూసింది. "పెట్టేటోళ్లే. కానీ మూలలకు పెడితేనే అందం," అంటూ సంచీలోంచి పసుపు డబ్బీ తీసింది. ఆయన కాస్త తటపటాయించి, ఆ రెండు కవర్లూ ఆమె ముందుకు జరిపాడు.

మూడూ ఒకే అద్దం కిందికి చేరాయి. వాటిని చూడడానికి మర్నాడు ముంబై అంతా వచ్చింది. సరే, మా ఇస్త్రీ అతను వచ్చాడు. చాలాసేపు వంగి చూసి, నన్ను పక్కకు పిలిచాడు.

"మూడు పెండ్లిళ్లు ఒక్కటే దినమా కాకా?"